మొదటి నిద్ర

అల్లవరం దాటాక కాలవ పక్కన ఒక ఊరు. మే నెల, మధ్యాహ్నం మూడు దాటింది. సత్యదుర్గ ఇంటి వీధి వసారాలో ఆమె ఆడపడుచు లోవకుమారి పనసకాయ పొట్టు కొడుతోంది; అత్తగారు వీరాయమ్మ లోపల గదిలో పడుకుని ఉంది.

“చేతులకి నూనె బాగా పట్టించుకున్నారా వదినా? జిగురు అంటుకుందంటే రెండు రోజులకి గాని వదలదు.”

“పట్టించేను లే. మీ కత్తి మొండిదే సత్యా. పొట్టు రావట్లేదు, ముక్కలొస్తన్నాయి.”

“ఆయ్. సాన పట్టించాలి. ఆయన వచ్చేక పట్టిస్తానన్నారు.”

“ఊఁ.”

“వదినా, వేలు చూసుకోండి. కొట్టినచోటే కొడుతున్నారు.”

“చూస్తన్నాను. అమ్మ పడుకుందా?”

“ఆయ్. అన్నం తిని మాత్ర వేసుకున్నారు. మంచినీళ్ళు నేనే ఇచ్చేను.”

“ఏ మాత్ర?”

“మీరు పంపినదే.”

“మంచిది. పడుకోనీ. ఎన్నింటికి లేస్తుంది?”

“నాలుగింటికి. ఠంచనుగా లేస్తారు, ఎవరూ లేపక్కర్లేదు. లేచి పక్కింటి అయ్యప్పగారి పెరట్లో మల్లెమొగ్గలు కోసుకొస్తారు. దండ కట్టి నా తల్లో పెడతారు.”

“మా అమ్మా? దానికి పూల సరదా ఎప్పట్నించే? నాన్న ఉన్న రోజుల్లో కూడా పండక్కి తప్ప పెట్టుకునేది కాదు.”

“శనివారం నించి. రోజూను. నిన్న తలనొప్పిగా ఉంది వద్దండీ అన్నాను. వినలేదు. జడ పట్టుకుని కూచోబెట్టేరు. మొన్న గాజులావిడ వస్తే పిలిచి రెండు డజన్లు తొడిగించేరు. ఎర్రవీ పచ్చవీను. చూడండి.”

“చూసేను. చెయ్యి దించు.”

“బాగోలేవా?”

“బాగున్నాయి. దించమన్నానుగా. ఆ గిన్నె ఇటు జరుపు.”

“ఎప్పుడొచ్చినా రొయ్యలు తెచ్చేవారు వదినా మీరు. ఈసారి ఇంత పనసకాయ ఆటోలో మోసుకొచ్చేరు.”

“వేట ఆపేసేరు కదే. ఓడలరేవులో పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. వచ్చే నెల దాకా అంతే.”

“చెరువు రొయ్యలకి ఆపడం ఏముంటుందండీ?”

“నీచు తినబుద్ధి కావట్లేదు.”

“మీకా?”

“నాకే. ఏం, నేను మనిషిని కాదా?”

“అలా అని కాదు. కిందటిసారి పీతలు దొరకలేదని అన్నయ్యగారితో రెండు రోజులు మాట్లాడలేదని ఆయన ఫోన్లో చెప్పి ఒకటే నవ్వు.”

“వాడు చెప్పేడా? వెధవ. అన్నీ మోసేస్తాడు నీకు.”

“ఆయన ఫోను చేసి ఆరు రోజులయ్యింది వదినా.”

“డ్యూటీలో ఉంటాడు.”

“ఆరు రోజులా?”

“అక్కడ అంతే. ఎడారిలోకి తీసుకుపోతారు, సిగ్నల్ ఉండదు.”

“కిందటి నెలే మస్కట్ ఊళ్ళోకి మార్చేరని చెప్పేరు. గది కిటికీలోంచి రోడ్డు కనపడుతుందని వీడియోలో చూపించేరు.”

“అయితే నీ ఫోనే పాడై ఉంటుంది.”

“నా ఫోను చెవి దగ్గర పెడితే వినపడదు, అంతే. స్పీకరు పెడితే గది గదికీ వినపడుతుంది. వచ్చేటప్పుడు కొత్తది తెస్తానన్నారు. మీకేమైనా చేసేరా?”

“నాకా? నాకెందుకు చేస్తాడు?”

“అక్కగారు కదా అని.”

“అక్కగారు ఎవరికి కావాలి, పెళ్ళయ్యేక? పొట్టు చాలా ఇంకా కొట్టనా?”

“చాలండీ. ఇది వారం తినాలి. ముగ్గురం ఆడవాళ్ళం ఎంత తింటాం?”

“రేపు జనం వస్తారేమో అని.”

“ఎవరొస్తారు?”

“ఎవరో ఒకరు. ఊరికే అన్నాను.”

“వదినా, మీ ఫోను మోగుతోంది.”

“ఎవరు?”

“దిండి పిన్ని అని పడుతోంది.”

“వదిలెయ్. తర్వాత నేను చేస్తాను.”

“ఆగి మళ్ళీ చేస్తున్నారు. ఈ మోతకి అత్తయ్యగారు లేస్తారు.”

“నా చేతులు ఇలా ఉన్నాయి. సరే ఎత్తు, ఎత్తి నా చెవి దగ్గర పెట్టు. చెవి దగ్గర సత్యా, స్పీకరు కాదు, స్పీకరు...”

“అయ్యో, అలవాటుగా నొక్కేసేను.”

“లోవా! ఎత్తవేమే? ఇదిగో, మొదటి నిద్ర మా ఇంట్లోనే. ముందే చెప్పేస్తన్నాను. పెద్దిరాజు వాళ్ళు మేమంటే మేమంటన్నారంట, నువ్వు మాట ఇచ్చెయ్యకు. పుట్టిల్లు లేని పిల్ల, పాపం, దాన్నెవరు తీసుకెళ్తారు? అన్నీ అవ్వగానే మీ బాబాయి కారు మాట్లాడతాడు. ఇంతకీ ఆ పిల్లకి...”

“పిన్నీ! పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, పెట్టేస్తన్నాను! సత్యా, ఆపు. ఆపు దాన్ని!”

“ఆపేసేను.”

“వసారాలో కూచుని పాలంటన్నానేంటి నేను. ఆవిడ మాటల ధోరణి అంతే. ఒకటి మొదలెడితే ఆగదు.”

“వదినా, మొదటి నిద్ర అంటే ఏంటి?”

“ఏ నిద్ర?”

“పిన్నిగారు అన్నారుగా. మొదటి నిద్ర మా ఇంట్లోనే అని.”

“నిద్రంటే నిద్రే. పడుకోడం. డిగ్రీ చదివేవు, నిద్రంటే తెలీదా?”

“చదువుకున్న నిద్ర తెలుసు. హాస్టల్లో దానికొకటే అర్థం. తొమ్మిదింటికి వార్డెనమ్మ లైట్లు తీసేస్తే నిద్ర. అయిదింటికి గంట కొడితే లేవడం. ఒకళ్ళింటికి వెళ్ళి చేసే నిద్ర నాకు తెలీదు.”

“ఒక పూట వెళ్ళి, రాత్రి ఉండి, పొద్దున్నే రావడం. దాన్ని కూడా నిద్ర చెయ్యడమంటారు ఇటువైపు.”

“దానికి మొదటిది, రెండోది అని ఎందుకు?”

“పిలిచేవాళ్ళు ఎక్కువైతే వరస పెట్టుకుంటారు. ఇదేం పెద్ద విషయమా?”

“ఇన్నాళ్ళూ పిలవని వాళ్ళు ఇప్పుడు పోటీ పడుతున్నారేంటి?”

“పెళ్ళి... కొత్త పెళ్ళికూతుర్ని పిలుస్తారే. మూడు నిద్రలని ఉంటాయి. పెళ్ళయ్యేక అల్లుడూ కూతురూ పుట్టింట్లో మూడు రాత్రులు ఉంటారు. అలాంటిది.”

“ఆ మూడూ మాకు మీ ఇంట్లో అయిపోయేయిగా.”

“ఊఁ.”

“నాకు పుట్టిల్లు లేదని మీరే మీ ఇంటికి తీసుకెళ్ళేరు. అన్నయ్యగారు పిల్లల్ని పట్టుకుని వాళ్ళమ్మగారింటికి వెళ్ళిపోయేరు, మాకు గది ఖాళీ చెయ్యడానికి. మూడో రోజు పొద్దున్న నీలం చీర పెట్టి, ఇదే నీ పుట్టిల్లు అన్నారు. మర్చిపోయేరా?”

“మర్చిపోలేదే.”

“మూడూ అయిపోయినదానికి మళ్ళీ మొదటిది ఎక్కణ్ణించి వచ్చింది వదినా?”

“అబ్బ, ప్రాణం తోడేస్తన్నావే! మొక్కు అయ్యుంటుంది. అంతర్వేదిలో నిద్ర చేస్తామని మొక్కుకుంటారు. గుడి దగ్గర రాత్రంతా పడుకుని, పొద్దున్నే సముద్రంలో మునిగి దర్శనం చేసుకుని వస్తారు. పిన్ని అదే అనుంటుంది.”

“అంతర్వేది స్వామి దిండిలో పిన్నిగారింట్లో ఉన్నారా?”

“వేళాకోళమా?”

“కాదండీ. మా ఇంట్లోనే అన్నారుగా ఆవిడ.”

“నాకు తెలీదు సత్యా. ఆవిణ్ణే అడుగు. నన్నొదిలెయ్.”

“కిందటి కార్తీకంలో అయ్యప్పగారు పోయేరు. పదిహేను రోజులయ్యేక వాళ్ళావిడ్ని ఎవరో కారులో తీసుకెళ్తుంటే, ఎక్కడికండీ అని అత్తయ్యగార్ని అడిగేను. నిద్రకి తీసుకెళ్తున్నారు అన్నారు. మంచం లేదా వాళ్ళింట్లో, పడుకోడానికి ఊరెళ్ళాలా అని నవ్వేను నేను. అత్తయ్యగారు నా నోరు మూసేరు.”

“సత్యా...”

“మనిషి పోయిన ఇంట్లో వాళ్ళకి దుఃఖం తీరాలని, చుట్టాలు తీసుకెళ్ళి ఒక రాత్రి పడుకోబెడతారట. వాళ్ళింట్లో కడుపునిండా పెట్టి పంపిస్తారట. అదీ నిద్రే అన్నారు. ఆ మాట ఊరికే అనకూడదట. నవ్వకూడదట.”

“మరి తెలిసే అడిగేవా నన్ను?”

“ఆయ్.”

“ఇంతసేపూ?”

“మీరు చెప్తారేమోనని చూసేను.”

“ఏం చెప్తాననుకున్నావే?”

“ఏది చెప్పడానికి వచ్చేరో అది.”

“నీకెవరు... నీకెప్పుడు తెలుసు?”

“శుక్రవారం తెల్లారుజామున. మోషే చేసేడు. ఆయన గదిలోనే ఉంటాడు కదా, రాజోలు అబ్బాయి. అక్కా, వీరబాబన్న నిద్ర లేవలేదక్కా అన్నాడు.”

“నాయనా...”

“నేనేమన్నానో తెలుసా వదినా? రాత్రి డ్యూటీ చేసుంటారు మోషే, లేపకు, ఇంకాసేపు పడుకోనీ అన్నాను.”

“వద్దే. చెప్పకే.”

“లేవలేదక్కా, లేవలేదక్కా అని అదే మాట అంటున్నాడు. అతను ఏడుస్తుంటే నవ్వుతున్నాడనుకున్నాను. ఇద్దరూ కలిసి నన్ను ఆట పట్టిస్తున్నారనుకుని, ఫోను ఆయనకియ్యి అన్నాను.”

“నా దగ్గరికి రావే. చేతులు జిగురు, అయినా రా. ఆరు రోజులు ఒక్కదానివీ ఎలా మోసేవే? నాకో ఫోను చెయ్యలేకపోయేవా?”

“మీకు తెలీదేమో అనుకున్నాను ముందు. శనివారం ఆటో అబ్బాయి చేత మాత్రలు పంపేరుగా, అమ్మకి కొత్త బీపీ మాత్రలు అని. రేకు మీద పేరు చదివేను. నిద్ర మాత్రలు. అప్పుడర్థమైంది మీకూ తెలుసని, అత్తయ్యగారి చెవిన పడకుండా పడుకోబెడుతున్నారని.”

“గుండెకి స్టెంటు వేసి ఏడాది కాలేదే. మస్కట్ నించి వాడి పెట్టె వచ్చేదాకా దానికి చెప్పొద్దన్నాడు డాక్టరు. మధ్యాహ్నం పూట ఊళ్ళోవాళ్ళు అరుగుల మీద మాట్లాడుకుంటారు. ఎవరి నోట వింటుందోనని భయం. తెలుసని నాతో ఎందుకు అనలేదే?”

“ఎవరో ఒకరు నాకు చెప్పాలని ఉంది వదినా. నన్ను కూచోబెట్టి, నా చెయ్యి పట్టుకుని. మా అమ్మా నాన్నా పోయిన సంగతి కూడా నాకెవరూ చెప్పలేదు. హాస్టల్లో చేర్పించేరు, అంతే. కొన్నాళ్ళకి నేనే తెలుసుకున్నాను. ఈసారి నా వాళ్ళు ఉన్నారు కదా, చెప్తారు కదా అనుకున్నాను.”

“చెబుదామనే వచ్చేనే. ముందు నీకు చెప్పి, నిన్ను పట్టుకుని అమ్మకి చెబుదామని. పన్నెండింటికి వచ్చేను, మూడయ్యింది. కాయ కొడతానే ఉన్నాను. నోరు రావట్లేదు. నా తమ్ముడే వాడు. నేనెత్తుకుని పెంచేను.”

“తెలుసు వదినా. నాకు తెలుసు.”

“రేపు పొద్దున్నకి హైదరాబాదులో దిగుతుంది పెట్టె. మీ అన్నయ్యగారు, మా మరిది కృష్ణమోహన్ వెళ్ళేరు. రాత్రికి ఊళ్ళోకి వస్తుంది. అమ్మకి ఇవాళే చెప్పాలి.”

“ఎవరు చెప్తారు?”

“నువ్వు చెప్పు. నువ్వంటే దానికి ప్రాణం.”

“నావల్ల కాదు. నేను అయిదు రోజుల్నించి ఆవిడకి అబద్ధాలు చెప్తున్నాను. వీరబాబు ఫోను చేసేడా అని రోజూ అడుగుతారేమోనని మాటలు సిద్ధం చేసుకుని కూచుంటాను.”

“అడుగుతోందా?”

“లేదు. అదే చిత్రం. శుక్రవారం నించి ఒక్కసారీ అడగలేదు.”

“మాత్రల మత్తు. మర్చిపోతుంది. మంచిదేలే. చూడు సత్యా, ఇంకో మాట. రేపు పెద్దవాళ్ళంతా వస్తారు. ఆ గాజులు, ఆ పూలు... ఆడవాళ్ళు ఏం చేస్తారో తెలుసా నీకు?”

“తెలుసు. అయ్యప్పగారి ఆవిడకి చేస్తుంటే గోడ మీంచి చూసేను.”

“నేనుండగా అంత చెయ్యనివ్వను. అడ్డం పడతాను. కానీ అన్నీ నా చేతిలో లేవు. తెలిసి తెలిసి రోజూ ఎలా పెట్టించుకున్నావే తల్లీ?”

“వద్దంటే అనుమానం వస్తుంది కదండీ. మొదటి రోజు మంటలా ఉంది తల మీద. తర్వాత అలవాటైపోయింది. దండ పెట్టేముందు ఆవిడ నా జడ విప్పి మళ్ళీ మళ్ళీ అల్లేవారు. పెద్ద వయసు కదా, చాదస్తం అనుకునేదాన్ని.”

“ఏమైనా అనేదా?”

“దండ పెట్టేక అద్దం తెచ్చి నా ముందు పెడతారు. బాగా చూసుకోవే, అంటారు. అంతే.”

“పిచ్చిది. కొడుకొస్తాడని ముస్తాబు చేస్తోంది నిన్ను. ఏం తెలుసు దానికి. నిద్దట్లో ఉంది పాపం.”

“వదినా.”

“ఏంటే?”

“అత్తయ్యగారు. వెనకే ఉన్నారు.”

“అమ్మా! లేచేవా? ఎంతసేపయ్యిందే గుమ్మంలో నిలబడి? పనసకాయ తెచ్చేనే, నీకిష్టమని. మంచినీళ్ళు తాగుతావా? ఎక్కడికే ఈ ఎండలో?”

“అత్తయ్యగారండీ, చెప్పులు.”

“అమ్మా, ఆగవే! మాట్లాడవేం? నావంక చూడవేం? సత్యా, పట్టుకోవే, నా చేతులు జారిపోతన్నాయి!”

“పట్టుకోనివ్వలేదు వదినా. నా చెయ్యి తీసి పక్కన పెట్టి మెట్లు దిగిపోయేరు.”

“విందంటావా? వినుండదు. మాత్ర వేసుకుందిగా. నడిచిందేగాని మత్తులోనే ఉంది. ఉండు, మంచం దగ్గర చూసొస్తాను. నువ్వు గేటు దగ్గరే ఉండు, ఎటెళ్తోందో చూడు.”

“ఆయ్.”

“సత్యా!”

“చెప్పండి, వినపడుతోంది.”

“తలగడ కింద ఇవేంటే?”

“ఏంటండీ?”

“మాత్రలు. కాయితంలో చుట్టి ఉన్నాయి. మూడు, నాలుగు... అయిదు. నానిపోయి ఆరినట్టున్నాయి, నోట్లోంచి తీసినట్టు.”

“అయిదూనా?”

“ఇవాళ్టిది ఇంకా తడిగానే ఉంది. ఒక్కటీ మింగలేదే ఇది. కళ్ళు మూసుకుని పడుకుందంతే. శుక్రవారం మోషేతో ఎక్కడ కూచుని మాట్లాడేవు నువ్వు?”

“ఇక్కడే. ఈ వసారాలోనే.”

“స్పీకరులోనా?”

“ఆయ్.”

“అయ్యో, అమ్మా. శుక్రవారం నించీ! తెలిసేనా... సత్యా, ఎటు వెళ్ళిందే? కనపడుతోందా? కాలవ వైపా? పరిగెత్తవే, కాలవ వైపు వెళ్ళిందా?”

“కాదు వదినా. అయ్యప్పగారి పెరట్లోకి వెళ్ళేరు. కొంగు కింద పూలబుట్ట పట్టుకెళ్ళేరు.”